క్రియేట్‌ఎలిమెంట్ చేశాను, ఎర్రర్ రాలేదు, ఫైల్లో మాత్రం ఏమీ లేదు

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పీహెచ్‌పీ మొదలుపెట్టి రెండు నెలలైంది. ఫారంలో వార్త రాసి బటన్ నొక్కితే, సర్వర్లో ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఒక కొత్త వార్త చేరాలి. అంతే నా పని. ఫైల్ ఇలా ఉంది (అసలు ట్యాగులు ఇంగ్లీషులో ఉన్నాయి, ఇక్కడ తెలుగు చేసి పెట్టాను):

<వార్తలు>
  <వార్త సంఖ్య="1">
    <శీర్షిక>మొదటి వార్త</శీర్షిక>
  </వార్త>
</వార్తలు>

డామ్‌డాక్యుమెంట్‌తో ఫైల్ లోడ్ చేశాను (అది ఎక్స్‌ఎంఎల్‌ను కొమ్మలున్న చెట్టులా, అంటే డామ్‌లా, మెమరీలో పెడుతుంది). క్రియేట్‌ఎలిమెంట్‌తో ఒక వార్త, ఒక శీర్షిక తయారుచేశాను. శీర్షికను వార్తకు అపెండ్‌చైల్డ్ చేశాను. తర్వాత సేవ్. ఎర్రర్ లాగ్ ఖాళీ. ఫైల్ సవరించిన సమయం కూడా మారుతోంది, అంటే పర్మిషన్ సమస్య కాదు. కానీ తెరిచి చూస్తే పాత వార్త ఒక్కటే. రెండు రోజులుగా ఇదే గొడవ.


నీలిపెన్ను | సోమవారం, రాత్రి 9:58

శీర్షికను వార్తకు తగిలించారు సరే, వార్తను దేనికి తగిలించారు?


కొత్తచిగురు | సోమవారం, రాత్రి 10:03

దేనికీ తగిలించలేదు. డాక్యుమెంట్ మీదే కదా క్రియేట్‌ఎలిమెంట్ పిలిచాను, అది అందులోనే పుడుతుంది అనుకున్నాను.


నీలిపెన్ను | సోమవారం, రాత్రి 10:20

చాలామంది జారిపడే మెట్టు ఇదే. క్రియేట్‌ఎలిమెంట్ పిలిస్తే నోడ్ పుడుతుంది గానీ చెట్టులో దానికి చోటు ఉండదు. ఏ డాక్యుమెంట్ తరఫున పుట్టిందో దానికి తెలుసు (ఓనర్‌డాక్యుమెంట్ అడిగి చూడండి, జవాబు వస్తుంది). కానీ పేరెంట్‌నోడ్ అడిగితే నల్. మీ శీర్షిక వార్త లోపల బాగానే ఉంది, ఆ వార్తే గాల్లో వేలాడుతోంది. సేవ్ అనేది రూట్ దగ్గర మొదలుపెట్టి కొమ్మకొమ్మా దిగుతూ రాసుకుపోతుంది. కొమ్మకు అతకనిది దాని కంట పడదు. నియమం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు.

డాక్యుమెంట్‌ఎలిమెంట్ అని ఒక ప్రాపర్టీ ఉంటుంది, అదే మీ <వార్తలు>. దాని మీద అపెండ్‌చైల్డ్ పిలిచి వార్తను ఇవ్వండి. నేరుగా డాక్యుమెంట్ మీద పిలవకండి, అది రూట్ పక్కన రెండో రూట్‌ను పెట్టబోవడమే అవుతుంది.


పాతగోడ | సోమవారం, రాత్రి 10:31

రెండో రూట్ సంగతి వచ్చింది కాబట్టి. నేనింకా క్లాసిక్ ఏఎస్‌పీ సైట్లే చూసుకుంటున్నాను (నవ్వకండి, అవి నడుస్తున్నాయి). ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్‌లో (మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ) ఈ పని చేస్తే పైస్థాయి ఎలిమెంట్ ఒక్కటే ఉండాలని మొహం మీదే చెబుతుంది. డాట్‌నెట్‌లో డాక్యుమెంట్‌ఎలిమెంట్ ఇప్పటికే ఉందంటుంది. జావాలో హైరార్కీ రిక్వెస్ట్ ఎర్రర్. మాటలు వేరు, నియమం ఒకటే. భాష ఏదైనా మెథడ్ పేర్లు కూడా అవే, ఎందుకంటే అందరూ తీసుకున్నది డబ్ల్యూత్రీసీ (వెబ్ ప్రమాణాల సంస్థ) డామ్ నుంచే. అక్టోబరు 1998లో వచ్చిన మొదటి లెవెల్‌లోనే క్రియేట్‌ఎలిమెంట్, అపెండ్‌చైల్డ్ ఉన్నాయి. ఒక భాషలో ఒంటబడితే మిగతావి సగం వచ్చినట్టే.


కొత్తచిగురు | సోమవారం, రాత్రి 10:47

వచ్చింది! నీలిపెన్ను గారూ, ధన్యవాదాలు. పాతగోడ గారూ, మీకు కూడా.

కానీ రెండు చిక్కులు. ఒకటి, కొత్త వార్త మొత్తం ఒకే వరుసలో, తర్వాత వచ్చే మూసే ట్యాగుకు అతుక్కుని పడుతోంది. ఫార్మాట్‌అవుట్‌పుట్ ట్రూ పెట్టినా (సర్ది రాయమనే సెట్టింగ్) అంతే. రెండు, తెలుగులో రాసిన శీర్షిక ఫైల్లో అంకెలుగా మారిపోయింది. ఆంపర్‌సాండ్, హ్యాష్, ఏదో సంఖ్య, సెమికోలన్, మళ్ళీ అదే వరస.


మూడోపేజీ | సోమవారం, రాత్రి 11:15

మొదటిదానికి: ఫైల్లో మీకు కనిపించే వరుస విరుపులూ ఖాళీలూ డామ్ దృష్టిలో టెక్స్ట్ నోడ్లు. ట్యాగుల మధ్య అలాంటి టెక్స్ట్ కనబడితే అది రచయిత కావాలని పెట్టిందేమోనని లైబ్రరీ ముట్టుకోదు, సర్దడం మానేస్తుంది. ప్రిజర్వ్‌వైట్‌స్పేస్‌ను ఫాల్స్ చేయండి, అది కూడా లోడ్ చేయకముందే. తర్వాత పెడితే అప్పటికే ఆ నోడ్లు చెట్టులోకి ఎక్కేసి ఉంటాయి. ఇదే కారణంతో ఫస్ట్‌చైల్డ్ అడిగినప్పుడు వార్తకు బదులు ఒక ఖాళీ వచ్చి వెక్కిరిస్తుంది, అది గుర్తుంచుకోండి.

పైథాన్ వాళ్ళకు 3.9 నుంచి ఎలిమెంట్‌ట్రీలో ఇండెంట్ అనే ఫంక్షన్ ఉంది, ఈ బాధ తగ్గింది. జావాలో మాత్రం తిరగబడింది. 9వ వెర్షన్ నుంచి, ముందే సర్దిన ఫైల్‌ను లోడ్ చేసి మళ్ళీ ఇండెంట్‌తో రాస్తే ప్రతి వరుస మధ్యా ఖాళీ వరుసలు పుట్టుకొస్తాయి. మూలం అదే, పాత ఖాళీలు టెక్స్ట్ నోడ్లుగా మిగిలిపోవడం.

రెండోదానికి: మీ ఫైల్ మొదటి వరుసలో ఎన్‌కోడింగ్ ప్రకటన ఉందా?


కొత్తచిగురు | సోమవారం, రాత్రి 11:19

వెర్షన్ 1.0 అని మాత్రమే ఉంది.


మూడోపేజీ | సోమవారం, రాత్రి 11:26

అదే సంగతి. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పీహెచ్‌పీ కింద ఉన్న లిబ్‌ఎక్స్‌ఎంఎల్ జాగ్రత్తకు పోయి, ఆస్కీలో లేని ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ సంఖ్యగా రాస్తుంది. త అక్షరం సంఖ్య 3108. &#3108; అని రాసినా, త అని రాసినా చదివే పార్సర్‌కు రెండూ ఒకటే, కాబట్టి డేటా ఏమీ పాడవలేదు. మనిషి కంటికి ఇబ్బంది, అంతే. డాక్యుమెంట్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 చేసి సేవ్ చేయండి, అక్షరాలు అక్షరాల్లాగే పడతాయి.


రెండుముళ్ళు | సోమవారం, రాత్రి 11:50

చర్చకు సంబంధం లేని మాట: పైన తెలుగులో పెట్టిన ట్యాగులున్నాయే, అవి ఉత్త ఉదాహరణ కాదు, నిజంగానే చెల్లుతాయి. ఎలిమెంట్ పేరులో తెలుగు అక్షరాలూ గుణింతాలూ ఎక్స్‌ఎంఎల్ 1.0 ఒప్పుకుంటుంది. పేరు అంకెతో మొదలవకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఒక తిరకాసు ఉంది. పొల్లును విడదీయడానికి మనం వాడే కంటికి కనిపించని అక్షరం (జీరో విడ్త్ నాన్ జాయినర్) నాలుగో కూర్పు దాకా పేర్లలో నిషిద్ధం. 2008లో వచ్చిన ఐదో కూర్పు అనుమతించింది, కానీ అన్ని పార్సర్లూ ఆ కూర్పుకు మారలేదు. ఒకరి దగ్గర చదివే ఫైల్ ఇంకొకరి దగ్గర ఎందుకు చదవదో వెతికి వెతికి నేను జుట్టు పీక్కున్నది ఈ కనిపించని దాని వల్లే.


పాతగోడ | మంగళవారం, ఉదయం 7:05

అందుకే ట్యాగులు ఇంగ్లీషులోనే ఉంచమనేది.


కొత్తచిగురు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నిన్నటివి రెండూ సర్దుకున్నాయి. ఇవాళ కొత్త వింత. శీర్షికలో & గుర్తు ఉన్న వార్త ఒకటి ఎక్కించారు. ట్యాగ్ పడింది, లోపల శీర్షిక సరిగా రాలేదు. లాగ్‌లో ఎంటిటీ రిఫరెన్స్ పూర్తి కాలేదని హెచ్చరిక. లైబ్రరీ వాడేదే ఇవన్నీ మనం చూసుకోనక్కర్లేదని కదా?


నీలిపెన్ను | మంగళవారం, మధ్యాహ్నం 1:52

క్రియేట్‌ఎలిమెంట్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా శీర్షికను ఇస్తున్నారు, అవునా? ఆ రెండో ఆర్గ్యుమెంట్ పీహెచ్‌పీ సొంత పైత్యం, ప్రామాణిక డామ్‌లో లేదు. అందులో ఇచ్చింది ఎస్కేప్ కాదని (అంటే ప్రత్యేక గుర్తులు సురక్షిత రూపంలోకి మారవని) మాన్యువల్లోనే ఉంది. & కనబడగానే ఏదో ఎంటిటీ (గుర్తుకు బదులు రాసే సంకేతం) మొదలైందనుకుంటుంది.

క్రియేట్‌టెక్స్ట్‌నోడ్‌తో శీర్షిక పాఠాన్ని విడిగా నోడ్ చేసి, దాన్ని శీర్షిక ఎలిమెంట్‌కు అపెండ్ చేయండి. లేదా టెక్స్ట్‌కంటెంట్‌కు నేరుగా ఇవ్వండి. రెండు దారుల్లోనూ & అయినా < అయినా రాసేటప్పుడు అవే సర్దుకుంటాయి. సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌లోని యాడ్‌చైల్డ్‌కు కూడా ఇదే జబ్బు.


అర్ధరాత్రిబగ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇంత దేనికి బ్రో, సీడేటాలో (గుర్తులను ఉన్నవున్నట్టు వదిలేసే డబ్బా) చుట్టేయ్. లోపల ఏముందో ఎవరూ చూడరు.


రెండుముళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 2:24

లోపల ]]> వచ్చేదాకా ఎవరూ చూడరు. అది వచ్చిన చోటే సీడేటా మూసుకుపోతుంది, మిగిలింది బయట పడుతుంది. టెక్స్ట్ నోడ్ ఉండగా సీడేటాతో పనేముంది?

ఇంకో సంగతి, టెక్స్ట్ నోడ్ కూడా కాపాడలేనిది ఒకటుంది. వర్డ్ ప్రాసెసర్ నుంచి కాపీ చేసి ఫారంలో అతికించేవాళ్ళు ఉంటారు. వాటితోపాటు వర్టికల్ ట్యాబ్ లాంటి కంట్రోల్ అక్షరాలు వచ్చేస్తాయి. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 32 కంటే తక్కువ సంఖ్య గల అక్షరాల్లో చెల్లేవి మూడే: ట్యాబ్ 9, కొత్త వరుస 10, క్యారేజ్ రిటర్న్ 13. మిగతావి సంఖ్య రూపంలో రాసినా చెల్లవు. చోద్యం ఏమిటంటే పీహెచ్‌పీ వాటిని చెట్టులోకి రానిస్తుంది, సేవ్ కూడా చేస్తుంది. మరుసటి లోడ్ దగ్గర విలువ 11 గల అక్షరం చెల్లదంటూ మొత్తం ఫైల్‌నే తిరగ్గొడుతుంది. ఒక్క వార్త పాడైతే వార్తలన్నీ పోయినట్టు. ఫారం నుంచి తీసుకునేటప్పుడే వాటిని ఏరిపారేయండి.


కొత్తచిగురు | మంగళవారం, రాత్రి 8:15

ఏరిపారేశాను. టెక్స్ట్ నోడ్లకు మారాను. ఇప్పుడు ప్రతి వార్తకూ సైట్‌మ్యాప్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్ల కోసం పేజీల జాబితా) కూడా ఒక ఎంట్రీ చేర్చమన్నారు. అదే పద్ధతిలో చేశాను, ఫైల్లో చక్కగా కనిపిస్తోంది. కానీ అప్పుడే చేర్చిన ఎంట్రీని అదే స్క్రిప్టులో ఎక్స్‌పాత్‌తో (చెట్టులో నోడ్లను వెతికే పద్ధతి) వెతికితే దొరకడం లేదు. ఫైల్ మళ్ళీ లోడ్ చేసి వెతికితే దొరుకుతోంది! ఇదేం మాయ?


మూడోపేజీ | మంగళవారం, రాత్రి 8:41

మాయ కాదు, నేమ్‌స్పేస్. సైట్‌మ్యాప్ రూట్ మీద ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒక చిరునామా ఉంటుంది చూడండి. అది ఉన్నంతలో లోపలి ట్యాగులన్నీ ఆ ఇంటిపేరువే. మీరు ఉత్త క్రియేట్‌ఎలిమెంట్‌తో పుట్టించిన నోడ్‌కు ఇంటిపేరే లేదు. పైకి పేరు ఒకటే, లోపల మనిషి వేరు. ఎక్స్‌పాత్ ఇంటిపేరుతో సహా పోల్చుతుంది కాబట్టి పట్టుకోలేదు. పీహెచ్‌పీ పాత డామ్ రాసేటప్పుడు ఆ తేడాను ఫైల్లో చూపించదు, అందుకే మళ్ళీ లోడ్ చేసినప్పుడు రూట్ ఇంటిపేరే దానికీ వచ్చేసి దొరికింది.

క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ వాడండి, మొదటి ఆర్గ్యుమెంట్‌గా రూట్‌లో ఉన్న చిరునామానే అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. 2000లో వచ్చిన డామ్ రెండో లెవెల్ దీన్ని తెచ్చింది ఇందుకే. లోపలి పిల్లలకు కూడా అదే వాడాలి, తల్లికి పెట్టి వదిలేస్తే చాలదు.


పాతగోడ | మంగళవారం, రాత్రి 9:02

ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్, డాట్‌నెట్ ఈ విషయంలో నిజాయితీగా ఉంటాయి. ఇంటిపేరు లేని పిల్లను చేర్చితే ఆ ట్యాగు మీద ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్="" అని ఖాళీ కొటేషన్లతో రాసి పెడతాయి. "ఇది ఎక్కడ నుంచి వచ్చింది, ఎలా తీసేయాలి" అని వారానికొకరు అడుగుతారు. రీప్లేస్‌తో చెరిపేసేవాళ్ళను కూడా చూశాను. ఎంఎస్‌ఎక్స్‌ఎంఎల్‌లో అయితే క్రియేట్‌నోడ్‌కు రకం 1, పేరు, చిరునామా ఈ మూడూ ఇవ్వండి. డాట్‌నెట్‌లో క్రియేట్‌ఎలిమెంట్‌కే చిరునామా ఇవ్వొచ్చు.


నీలిపెన్ను | మంగళవారం, రాత్రి 9:20

సైట్‌మ్యాప్ కాబట్టి ఒక మాట: ఒక ఫైల్లో 50,000 చిరునామాలు, కుదించకముందు 50 ఎంబీ, ఈ హద్దులు దాటకూడదు. దాటేలా ఉంటే ముక్కలు చేసి ఇండెక్స్ ఫైల్ పెట్టుకోవాలి. అలాగే వార్తల ఫైల్లోని నోడ్‌ను తీసి నేరుగా సైట్‌మ్యాప్ చెట్టుకు తగిలించబోతే రాంగ్ డాక్యుమెంట్ ఎర్రర్ వస్తుంది. ముందు ఇంపోర్ట్‌నోడ్ చేయాలి, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇవ్వడం మర్చిపోకండి. లేకపోతే పైతొక్క వస్తుంది, లోపలి పిల్లలు రారు.


అర్ధరాత్రిబగ్ | మంగళవారం, రాత్రి 11:58

నాదీ ఒక కథ. ఒకే "గమనిక" నోడ్‌ను ఒకసారి తయారుచేసి, లూప్ పెట్టి ప్రతి వార్తకూ అపెండ్ చేశాను. చివరి వార్తకు మాత్రమే పడింది. గంటన్నర పోయింది.


నీలిపెన్ను | బుధవారం, ఉదయం 6:40

ఒక నోడ్‌కు ఒక్కటే తల్లి. ఇప్పటికే చెట్టులో ఉన్న నోడ్‌ను అపెండ్ చేస్తే అది కాపీ అవదు, పాత చోటు ఖాళీ చేసి కొత్త చోటికి పోతుంది. ప్రతిసారీ క్లోన్‌నోడ్ చేసి తగిలించాలి. పైథాన్‌లో తమాషా చూడండి: మామూలు ఎలిమెంట్‌ట్రీలో ఒకే ఎలిమెంట్ రెండు చోట్లా ఉంటుంది, ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో డామ్ లాగే కదులుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారినవాళ్ళు ఇక్కడే తెల్లముఖం వేస్తారు.


కొత్తచిగురు | బుధవారం, సాయంత్రం 5:10

అన్నీ బాగున్నాయని సంతోషించేలోపు ఇంకొకటి. ఇద్దరు ఒకేసారి వార్తలు ఎక్కించారు. ఇద్దరికీ "చేరింది" అని వచ్చింది. ఫైల్లో ఒకరిది మాత్రమే ఉంది.


అర్ధరాత్రిబగ్ | బుధవారం, సాయంత్రం 5:22

ఇది నాకు తెలుసు! సేవ్ బదులు సేవ్‌ఎక్స్‌ఎంఎల్‌తో స్ట్రింగ్ తీసుకుని, ఫైల్‌పుట్‌కంటెంట్స్‌కు లాక్ ఫ్లాగ్ ఇచ్చి రాయి. ఖతం.


రెండుముళ్ళు | బుధవారం, సాయంత్రం 5:45

ఖతం కాదు. ఆ లాక్ రాసే క్షణానికే. పోయింది రాసేటప్పుడు కాదు, చదివినప్పుడు. మొదటివారు లోడ్ చేశారు, పది వార్తలు. రెండోవారూ లోడ్ చేశారు, అవే పది. మొదటివారు పదకొండు చేసి రాశారు. రెండోవారి చేతిలో ఉన్నది ఇంకా ఆ పాత పది, వాటికి తనది కలిపి పదకొండు చేసి, చక్కగా లాక్ వేసుకుని మరీ మొదటివారి వార్తను చెరిపేశారు.

తాళం లోడ్‌కు ముందు వేసి, సేవ్ తర్వాత తీయాలి. ఎక్స్‌ఎంఎల్ ఫైల్ మీద కాకుండా పక్కన ఒక ఖాళీ లాక్ ఫైల్ పెట్టి దాని మీద ఎఫ్‌లాక్ వేయండి. రాసేది కూడా అదే ఫోల్డర్లో తాత్కాలిక ఫైల్‌గా రాసి, అంతా అయ్యాక రీనేమ్‌తో అసలు పేరు పెట్టండి. లినక్స్‌లో ఒకే ఫైల్‌సిస్టంలో రీనేమ్ ఒక్క దెబ్బలో జరుగుతుంది. చదివేవాళ్ళకు పాతది పూర్తిగానో కొత్తది పూర్తిగానో కనిపిస్తుంది, సగం రాసింది ఎవరి కంటా పడదు. లాక్ వేరే ఫైల్ మీద ఎందుకంటే, రీనేమ్ అయ్యాక ఆ పేరు వెనక ఉన్నది కొత్త ఫైల్. పాత ఫైల్ మీద వేసిన తాళం కొత్తదానికి అడ్డు రాదు.


మూడోపేజీ | బుధవారం, సాయంత్రం 6:30

ఎవరో ఒకరు అనాలి కాబట్టి నేనే అంటాను. పదిమంది రాసే చోట ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ను డేటాబేస్ చేయడమే అసలు తప్పు. ఒక్క వార్త చేర్చడానికి మొత్తం చెట్టును మెమరీలోకి ఎక్కించి, మొత్తం తిరిగి రాస్తున్నాం. డామ్ చెట్టు ఫైల్ సైజుకు కొన్ని రెట్లు మెమరీ తింటుంది. ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) పెట్టుకుని, ఎక్స్‌ఎంఎల్ కావలసినప్పుడు ఎక్స్‌ఎంఎల్‌రైటర్‌తో వరసగా రాసి పంపితే పోతుంది. రైటర్ చెట్టు కట్టదు, ట్యాగు తెరుస్తూ మూస్తూ పోతుంది.


పాతగోడ | బుధవారం, రాత్రి 7:15

రోజుకు నాలుగు వార్తలకు డేటాబేస్ దేనికండీ. నా ఏఎస్‌పీ సైట్లలో ఏళ్ళ తరబడి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళే. ఒక్క వార్త పోయిందని ఎవరూ అనలేదు.


రెండుముళ్ళు | బుధవారం, రాత్రి 7:21

అనలేదా, పోలేదా?


కొత్తచిగురు | గురువారం, ఉదయం 11:00

రెండుముళ్ళు గారు చెప్పినట్టే చేశాను. వరస: లాక్ ఫైల్ తెరిచి ఎఫ్‌లాక్, ప్రిజర్వ్‌వైట్‌స్పేస్ ఫాల్స్, లోడ్, ఎలిమెంట్లు పుట్టించి టెక్స్ట్ నోడ్లు తగిలించి రూట్‌కు అపెండ్, తాత్కాలిక ఫైల్‌కు సేవ్, రీనేమ్, లాక్ తీయడం. తర్వాత ఒక చిన్న స్క్రిప్టుతో ఒకేసారి 50 రిక్వెస్టులు పంపి చూశాను. లాక్ లేని పాత కోడ్‌తో 50కి 23 చేరాయి. ఇప్పుడు 50కి 50. డేటాబేస్ సంగతి తర్వాత నేర్చుకుంటాను మూడోపేజీ గారూ, మాటిస్తున్నాను.


మూడోపేజీ | గురువారం, ఉదయం 11:08

23 అని చూశాక కూడా "తర్వాత" అంటున్నారు. సరే.


పాతగోడ | గురువారం, రాత్రి 10:50

ఊరికే ఉండలేక అదే 50 రిక్వెస్టుల పరీక్ష నా పాత సైటు కాపీ ఒకటి పెట్టి నడిపాను. 31.

అప్లికేషన్ లాక్, అన్‌లాక్ మధ్యలో లోడ్ నుంచి సేవ్ దాకా పెట్టాక 50 వచ్చాయి. అది ఒక్క వర్కర్ ప్రాసెస్ ఉన్నంతవరకే పనిచేస్తుందని తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా ఆరు సైట్లూ రేపు చూస్తాను.